జనార్దనరావుగారి చెక్కిల్లు

"అన్నయ్యగారూ, అది అంటుకుంటే లోపలున్నవాళ్లు ఎటునుంచి బయటికి రావాలండీ?"

సుగుణమ్మ ఈ మాట అడిగేనాటికి చెక్కలు రాలేదు, మేకులు రాలేదు, అసలు కట్టేది నిజమో కాదో కూడా తేలలేదు. జూమ్‌లో ప్రకటన చేసిన జనార్దనరావుగారు ఇంకా చప్పట్ల కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. అందరూ మ్యూట్‌లో ఉండడం వల్ల చప్పట్లు కనిపిస్తున్నాయి గాని వినిపించడం లేదు. మ్యూట్ తీయడం తప్ప పెట్టడం రాని సుగుణమ్మ గొంతొక్కటే కిల్కెన్నీ నుంచి షానన్ దాకా స్పష్టంగా వినిపించింది.

జనార్దనరావుగారు ఐర్లండ్‌లో కిల్కెన్నీ అనే ఊరి తెలుగు సమాజానికి అధ్యక్షులు. ఎన్నిక జరిగిన ప్రతిసారీ ఆయనే ఏకగ్రీవం. ఎన్నికల అధికారి కూడా ఆయనే కావడం వల్ల గొడవలుండవు. ఆ సాయంత్రం ఆయన ప్రకటించిందేమిటంటే, రాబోయే కౌన్సిల్ ఎన్నికల్లో తాను నిలబడుతున్నానని, ఆ మహాయాత్ర తన పెరట్లో కట్టబోయే లాగ్ కాబిన్ నుంచి మొదలవుతుందని. ఎన్నికలకి ఇంకా మూడేళ్ల పైమాటే ఉంది. ఆయన ముందుచూపు అలాంటిది.

అది కోవిడ్ రెండోసారి విజృంభిస్తున్న అక్టోబరు నెల. అమెరికాలో ఎన్నికల హడావుడి. అక్కడ ఎవరు గెలిచినా వాళ్ల ముత్తాతల్లో ఒకరైనా తమ ఊరివాళ్లై ఉంటారని ఐర్లండ్‌లో ప్రతి ఊరికీ ఒక ఆశ, కాబట్టి టీవీ నిండా అదే. లెపర్డ్స్‌టౌన్‌లోని ఆఫీసుకి ఇంట్లోంచే పనిచేస్తున్న జనార్దనరావుగారు ఆ ఊపులో అమెరికా చరిత్ర మొదలుపెట్టి, దసరా లోపలే ముగించారు. అందులో స్వాతంత్ర్య సమరం ఉంది, బానిసల కన్నీళ్లున్నాయి, అన్నదమ్ములు కొట్టుకున్న యుద్ధం ఉంది. ఆయనకి పనికొచ్చింది మాత్రం దుంగలతో కట్టిన ఒంటిగది ఇల్లు.

"అమెరికావాడు నాయకుడి చదువు చూడడు, ఆస్తి చూడడు," అన్నారు జనార్దనరావుగారు. "లాగ్ కాబిన్‌లోంచి వచ్చాడా, గొడ్డలి పట్టాడా, అదే చూస్తాడు. ఒకాయన పుట్టింది పెద్ద భవంతిలో. అయినా ఆయన మనుషులు బండి మీద చెక్కిల్లు పెట్టి ఊరూరా తిప్పారు. జనానికి యాపిల్ సారా పోశారు. గెలిచాడు."

"గెలిచి గద్దెనెక్కి నెల తిరిగేసరికి పోయాడు కద సార్," అన్నాడు షానన్ నుంచి కార్యదర్శి ఏసుదాసు. ఏసుదాసు నర్సు. చదివిన మాట నోట్లో ఆగదు.

"ఎలా పోయాడు నాయనా?" అంది సుగుణమ్మ.

"జలుబు చేసి, ఊపిరితిత్తుల్లోకి దిగిందంటారండీ."

"గెలిచాకే కదయ్యా పోయింది," అన్నారు అధ్యక్షులు.

సుగుణమ్మకి మిగతా అమెరికా చరిత్ర ఏదీ చెవికెక్కలేదు. చెక్కిల్లు, జలుబు, ఊపిరితిత్తులు మాత్రం ఎక్కాయి.

ఇంతలో జనార్దనరావుగారి భార్య శ్యామలాదేవి వెనకనుంచి కాఫీ కప్పుతో తెరమీదికొచ్చింది. "మీరు పుట్టింది తణుకులో, మొజాయిక్ గచ్చున్న నర్సింగ్ హోంలో కదండీ. రైసుమిల్లు కారులో ఇంటికి తీసుకొచ్చారని అత్తయ్యగారు చెప్పేవారు."

"శ్యామలా, మ్యూట్," అన్నారు జనార్దనరావుగారు.

సుగుణమ్మ ఆ ఇంట్లోనే మేడమీద ఉంటుంది. కూతురు నిఖిల ఆసుపత్రిలో డాక్టరు. మేడమీది రెండు గదులూ జనార్దనరావుగారి దగ్గర లీజుకి తీసుకుంది. కూతుర్ని చూసిపోదామని ఫిబ్రవరిలో నరసరావుపేట నుంచి వచ్చిన సుగుణమ్మ విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయింది. తర్వాత విమానాలు నడిచాయి గాని, అంతమంది పీల్చి వదిలిన గాలిలో అన్ని గంటలు కూర్చోవడానికి ఆమె ధైర్యం చాలలేదు. అధ్యక్షులవారి గొంతు ఆమెకి ముందు నేలలోంచి, ఆ తర్వాత ఫోన్లోంచి వినిపించేది. అందుకని ఆయన చెప్పేది ఏదైనా ఆమె రెండుసార్లు భయపడేది.

కాబిన్ వచ్చింది. లారీలో పలకలు పలకలుగా వచ్చింది. కార్లో అనే పక్క ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మధ్యాహ్నం టీ వేళకి బిగించి వెళ్లిపోయారు. "ఈ చేతులతో కట్టుకున్నాను," అని జనార్దనరావుగారు ఫేస్‌బుక్‌లో రాశారు. లారీవాడి కాగితం మీద సంతకం పెట్టినవి ఆ చేతులే కాబట్టి అందులో అబద్ధం లేదు.

సరిగ్గా ఆ వారమే నిఖిల వార్డుని మళ్లీ కోవిడ్ వార్డు చేశారు.

"అమ్మా, నీకు షుగరు, బీపీ. నేను మోసుకొచ్చి నీకంటిస్తే ఎవరేం చేస్తారు?" అంది నిఖిల గుమ్మం అవతలే మాస్కుతో నిలబడి. "ఏసుదాసు గారింట్లో గది ఖాళీగా ఉందట. షానన్ వెళ్లు. కేసులు తగ్గేదాకా."

"ఈ లాక్‌డౌన్‌లో ఐదు కిలోమీటర్లు దాటకూడదు కదే ఎవరూ. అక్కడ కూర్చుంటే నిన్నెలా చూడను?"

"వీడియో కాల్‌లో చూద్దువుగాని."

"వీడియోలో జ్వరం కనిపిస్తుందా?"

నిఖిల మాస్కు పైకి లాక్కుంది. అప్పుడే పెరట్లో కొత్త కాబిన్ ముందు నిలబడి ఫోటో దిగుతున్న జనార్దనరావుగారు మాటలు వినబడి మేడ కిటికీ వైపు చూశారు. నాయకుడంటే అవసరం కనబడగానే స్పందించేవాడు.

"కాబిన్‌లో ఉండమ్మా సుగుణమ్మా. ఖాళీయే కదా."

"అందులో మీరుంటారని రాశారు కద అంకుల్?" అంది నిఖిల.

"ఉంటాను. ఫోటోలప్పుడు. ఈ సంగతి మాత్రం మన నలుగురి మధ్యే ఉండాలి. లీజు, గీజు, మిగతావన్నీ మనం ఒక కుటుంబం లాగా చూసుకుందాం."

ఆయన 'లీజు' అన్న తీరు ఎంతో మృదువుగా ఉంది. సుగుణమ్మకి ఆ రాత్రంతా అదే వినిపించింది.

విజయదశమి నాడు కాబిన్ గృహప్రవేశం. పురోహితుడు తెనాలి నుంచి జూమ్‌లో మంత్రాలు చదివాడు. పాలు పొంగించే పని సుగుణమ్మది. చెక్కింట్లో పొయ్యి వద్దని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. కరెంటు పొయ్యి మీద పాలు పొంగాయి, పొగ అలారం కూసింది, తెరమీద అరవై మంది దాకా ఆశీర్వదించారు. తూర్పుకి పొంగాయా అని పురోహితుడు అడిగితే, జనార్దనరావుగారు "పడమటికి" అని గర్వంగా చెప్పారు. అమెరికాలో మార్గదర్శకులంతా పడమటికే వెళ్లారట.

"అన్నయ్యగారూ, అంటుకుంటే బయటపడే తలుపు సంగతి..." అంది సుగుణమ్మ.

"మార్గదర్శకుడికి తలుపెందుకమ్మా? వాడికి ఆకాశమే హద్దు," అన్నారాయన.

తర్వాత గొడ్డలి కార్యక్రమం. తల మీద ఫెల్టు టోపీ, చేతిలో గొడ్డలి. సూపర్ మార్కెట్‌లో వలసంచిలో దొరికే కట్టెలు అప్పటికే చీల్చి ఉంటాయి. అందువల్ల రెండేసి ముక్కల్ని రబ్బరు బ్యాండుతో కలిపి మళ్లీ చీల్చారు. మూడో దెబ్బకి గొడ్డలి కట్టెని వదిలేసి, ఎండ కోసం బయటపెట్టిన శ్యామలాదేవి కరివేపాకు మొక్క కుండీ మీద పడింది. ఈ దేశంలో కరివేపాకు మొక్కని బతికించడం పిల్లని పెంచడమంత పని. హీటరు పక్కన పడుకోబెట్టి, వేళకి ఎండ చూపించి, శ్యామలాదేవి దాన్ని తన నడుం ఎత్తు దాకా తెచ్చింది.

అంతకు ముందు వారమే అధ్యక్షులవారు జూమ్‌లో ఒక అమెరికా కథ చెప్పారు. అక్కడి తొలి నాయకుడు చిన్నప్పుడు గొడ్డలితో నాన్న చెర్రీ చెట్టు నరికి, "నేను అబద్ధం ఆడలేను నాన్నా, నరికింది నేనే" అన్నాడట. ఆ కథ తర్వాతెవరో కల్పించిందంటారని ఏసుదాసు అన్నాడు. కల్పించినా సత్యం గురించే కదా కల్పించాడని అధ్యక్షులు సర్దిచెప్పారు.

శ్యామలాదేవి వచ్చి కుండీ పెంకులు చూసింది.

"ఇదెవరు చేశారండీ?"

"గాలి," అన్నారు జనార్దనరావుగారు. "పడమటి గాలి."

సుగుణమ్మ కాపురం కాబిన్‌లో మొదలైంది. గోడకి ఒక కిటికీ. అందులోంచి మేడమీద నిఖిల గది కనిపిస్తుంది. అందుకోసమే ఆమె చలినీ, చెక్క వాసననీ, వాన పడ్డప్పుడల్లా డబ్బాలో కూర్చున్నట్టుండే చప్పుడునీ భరించింది. డ్యూటీ దిగి వచ్చాక నిఖిల ఇంటి వెనక మెట్టు మీద కంచం పెట్టుకుని కూర్చునేది. సుగుణమ్మ కాబిన్ గుమ్మంలో కంచం పెట్టుకుని కూర్చునేది. మధ్యలో గడ్డి. అంత దూరం నుంచి కూతురి మొహంలో జ్వరం వెతుక్కుంటూ ఆమె అన్నం తినేది. మెట్టు పక్కన ఇంగువ డబ్బా పెట్టి ఉంచింది. కోవిడ్ వస్తే వాసన తెలియదట, అందుకని నిఖిల ముందు దాని మూత తీసి వాసన చూడాలి, తర్వాతే ముద్ద నోట్లో పెట్టాలి.

"వస్తోందా?"

"వస్తోందమ్మా. హాస్పిటల్ కోట్లోంచి కూడా వస్తోంది."

"రానీ. వస్తున్నంతకాలం రానీ."

తలుపు సంగతి ఆమే తేల్చుకుంది. వానకి ఉబ్బి, లోపలినుంచి లాగితే రాదు. బయటినుంచి భుజంతో తోస్తే తెరుచుకుంటుంది. అందుకని ఆమె కిటికీ కింద స్టూలు వేసుకుని, రోజూ భోజనాలయ్యాక ఒకసారి కిటికీలోంచి దిగి చూసుకునేది. చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక పెద్దావిడ కిటికీలోంచి దిగడం, చుట్టూ తిరిగివచ్చి తలుపు తోసుకుని లోపలికెళ్లడం పక్కింటి మిసెస్ బ్రెన్నన్ కంచె మీదినుంచి చూసేది. "ఆల్ గ్రాండ్, సుగునా?" అని చెయ్యి ఊపేది. ఈ దేశంలో బాగున్నా గ్రాండే, బాగోలేకపోయినా గ్రాండే కాబట్టి సుగుణమ్మ కూడా "గ్రాండ్" అనేది.

అధ్యక్షులవారు సాయంత్రం కాసేపు వచ్చేవారు. సుగుణమ్మ మందులడబ్బానీ, వేంకటేశ్వరుడి పటాన్నీ దుప్పటి కింద దాచి ట్యాంకు వెనక్కి వెళ్లేది. ఇంటిని వేడిచేసే కిరోసిన్ ట్యాంకది, దాని పక్కన నిలబడడం ఆమెకి మరో భయం. ఆయన లాంతరు వెలిగించి, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని, చలికి వణుకుతున్నట్టు ఫోటో దిగేవారు. రెండో ఫోటోకి నిజంగానే వణుకు వచ్చేది. అప్పుడు హీటరున్న ఇంట్లోకి వెళ్లిపోయి, "ఏకాంతంలో నేను నేర్చుకున్నవి" అని రాసేవారు.

నవంబరు వచ్చేసరికి సంగతి ఊరి పత్రిక దాకా వెళ్లింది. 'ఫ్రంట్‌లైన్ సిబ్బందికి సంఘీభావంగా ఇంటి సౌఖ్యాలు వదులుకుని చెక్కగదిలో బతుకుతున్న కిల్కెన్నీవాసి' అని ఫోటోతో వేశారు. ఫ్రంట్‌లైన్ సిబ్బందిలో ఒకరైన నిఖిల ఆ పత్రికని వెనక మెట్టు మీద పరుచుకుని, దాని మీద కంచం పెట్టుకుంది.

"నీ పేరు రాయలేదేమ్మా అందులో?" అంది కవ్వింపుగా.

"ఊరుకోవే. ఎవరైనా వింటే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు."

పత్రిక వచ్చిన వారానికి కౌన్సిల్ నుంచి ఫోనొచ్చింది. ఎవరో ఓర్లా డెలానీ అనే ఆఫీసరమ్మ కాబిన్‌ని చూడడానికి వస్తుందట. జనార్దనరావుగారికి ఇక విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. మనవైపు ఒక ఆఫీసరు ఒక నాయకుడింటికి వస్తున్నాడంటే ఒకటే అర్థం. ఆయన పట్టుశాలువా ఇస్త్రీ చేయించారు, జ్ఞాపిక తయారుచేయించారు, జూమ్ లింకు తణుకు దాకా పంపించారు.

"కౌన్సిల్ వాళ్లు ఊరికే ఇంటికొస్తారా అన్నయ్యగారూ?" అంది సుగుణమ్మ. "నాకెందుకో భయంగా ఉంది."

"నీకెప్పుడు లేదమ్మా భయం?"

ఓర్లా డెలానీ వచ్చింది. వానకోటు, మాస్కు, చేతిలో టేపు. శ్యామలాదేవి ట్యాబ్ పట్టుకుని జూమ్‌లో చూపిస్తోంది. జనార్దనరావుగారు టోపీతో, గొడ్డలితో కాబిన్ ముందు నిలబడ్డారు. రెండు మీటర్ల దూరం పాటించాలి కాబట్టి శాలువాని ఆకులు ఊడ్చే పళ్లకర్ర చివర తగిలించి, ఆమె భుజాల మీద జాగ్రత్తగా కప్పారు. అరవై చిన్న పెట్టెల్లో చప్పట్లు కనిపించాయి.

"థాంక్స్ ఎ మిలియన్," అంది ఓర్లా డెలానీ శాలువా సర్దుకుంటూ. "నేను ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ నుంచి వచ్చాను."

ఏసుదాసు తణుకు పెద్దల కోసం దాన్ని తెలుగులోకి మార్చాడు. "అనుమతి లేకుండా కట్టినవాటిని తీయించే ఆఫీసరుగారండీ." చప్పట్లు కొట్టే చేతులు ఒక్కొక్క పెట్టెలో వరసగా ఆగాయి.

ఆమె నెమ్మదిగా, కోపం లేకుండా చెప్పింది. పెరట్లో చిన్న షెడ్డు వేసుకుంటే అనుమతి అక్కర్లేదు. అందులో మనిషి కాపురం పెడితే మాత్రం కావాలి. పత్రికలో మీరు కాపురం ఉంటున్నారని ఉంది. గృహప్రవేశం వీడియో కూడా చూశాను, పాలు బాగా పొంగాయి. కాపురమే అయితే నెలాఖరుకి ఇది తీసెయ్యాలి. అలా కాక ఇంట్లో ఎవరికైనా జబ్బు అంటకూడదని కొన్నాళ్లు విడిగా ఉంటున్నారా, ఆ మాటే రాసుకుని వెళ్లిపోతాను. ఈ రోజుల్లో అలాంటివాళ్లని బయటికి పంపే ఉద్దేశం మాకెవరికీ లేదు.

"ఏది నిజమో మీరే చెప్పాలి, మిస్టర్ రావ్."

ట్యాంకు వెనక సుగుణమ్మకి సగం ఇంగ్లీషే అర్థమైంది. ఆ సగం చాలు. నెలాఖరు అంటే షానన్. షానన్ అంటే ఇంగువ డబ్బా వాసన చూశావా అని ఫోన్లో అడగడం, చూశానని కూతురు అబద్ధం చెప్పినా నమ్మడం. వెనక మెట్టు మీద నిఖిల లేచి నిలబడింది. "అంకుల్..." అని ఆగిపోయింది. చెప్పాల్సింది ఆయన. కాబిన్ ఆయనది, లీజు ఆయనది, ఫోటో ఆయనది.

జనార్దనరావుగారు ట్యాబ్ వైపు చూశారు. తణుకు చూస్తోంది.

"మార్గదర్శకుడికి ఇల్లు, కాపురం అని విడిగా ఉండవు మేడమ్," అన్నారు ఇంగ్లీషులో, గొడ్డలి భుజం మార్చుకుంటూ. "అమెరికాలో చూడండి..."

"గ్రాండ్," అంది ఓర్లా డెలానీ. "అంటే మీరే ఉంటున్నారు. అక్టోబరు నుంచి."

"ఇన్ ఎ వే, యెస్."

ఆమె టేపు జేబులో పెట్టుకుంది. తలుపు దగ్గరికెళ్లి, వానకి ఉబ్బిన చెక్క అంచు మీద వేలితో రాసి చూసింది. లోపలికి తొంగిచూసింది. దుప్పటి కిందినుంచి వేంకటేశ్వరుడి కిరీటం కొంచెం కనిపిస్తోంది. కిటికీ కింద స్టూలు కూడా కనిపించింది గాని దాన్ని గురించి ఏమీ అడగలేదు. వెనక్కి తిరిగింది.

"ఇన్నాళ్లుగా ఉంటున్నారు కాబట్టి ఒక్కటి అడుగుతాను. చెక్క కదా. రేపు ఇది అంటుకుంటే లోపలున్నవాళ్లు ఎటునుంచి బయటికి రావాలి?"

ఏసుదాసు దాన్ని తెలుగులోకి మార్చాడు. మార్చాక గాని అతనికి ఆ ప్రశ్న ఇదివరకు ఎక్కడ విన్నాడో గుర్తురాలేదు.

జనార్దనరావుగారు తలుపు వైపు చూశారు. అది లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో ఆయన మొహంలో ఎంత వెతికినా కనిపించలేదు. గొడ్డలి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారింది. తణుకులో ఎవరో దగ్గారు. శ్యామలాదేవి ట్యాబ్ కొంచెం దగ్గరికి జరిపింది. చినుకులు మొదలయ్యాయి, పట్టుశాలువా మీద పడుతున్నాయి, ఓర్లా డెలానీ తొందరపడలేదు. కంచె అవతల మిసెస్ బ్రెన్నన్ బట్టలు తీయడానికొచ్చి, తీయకుండా నిలబడిపోయింది. ట్యాంకు వెనకనుంచి సుగుణమ్మ ఒక అడుగు ముందుకి వేసి, వేసిన అడుగుని చూసుకుని తనే భయపడింది. ఆమె కళ్లు అధ్యక్షులవారి మీద ఉన్నాయి. అమెరికా చరిత్రలో ఆయనకి ఇంకేదైనా గుర్తొస్తుందేమోనని అందరూ ఆగారు. వానకి ఆయన టోపీ అంచు వంగింది.

జనార్దనరావుగారు గొడ్డలి కింద పెట్టారు.

"సుగుణమ్మగారిని అడగాలండీ," అన్నారు, తెలుగులో.